మీకు తెలియునా? ఏడవమాసమునకు కుక్కనోట 42 పండ్లు

ఏడు మాసములు నిండునప్పటికి కుక్కకు 42 శాశ్వతదంతములును, పైదవడయందు 20, క్రిందిదవడయందు 22 చొప్పున, సాధారణముగా వచ్చియే యుండును. అనగా మనుష్యునికంటె పది యెక్కువ.

పాలపండ్లు 28 మాత్రమే. వానిలో కోఱలుండును గాని, వెనుకటి చర్వణకము లొక్కటియు నుండవు. సూదిమొనలవంటి యీ పాలపండ్లు నాలుగవమాసము ప్రాంతమున ముందువరుసనుండి యూడనారంభింపగా, చిగుళ్ల సలుపునకు తాళలేక కూన చెప్పులను, చాపయంచులను, కుర్చీకాళ్లను, తుదకు పిల్లల చేతివ్రేళ్లను సైతము కొఱుకుచు తిరుగును. ఎనిమిది, పది మాసముల కుక్కను దెచ్చుకొనువారికి ఈ కొఱుకుడుపర్వములో అధికభాగము పూర్వపు యజమాని యింటనే గడచిపోయి యుండును. ఆ యింటి చెప్పులపై జాలి కలుగుట వేఱు మాట!

పెదవి నెత్తి చూచిన వయస్సును కొంత తెలియును. నాలుగు కోఱలును పూర్తిగా నెదిగి, చివరి దవడపండ్లు పైకి వచ్చిన కుక్కను మూడునెలల పిల్లయని యెవరేని చెప్పిన నమ్మ నక్కఱలేదు.

పండ్లు చెప్పని సంగతి యొకటి కలదు. అమెరికాలోని బార్ హార్బర్‌యందు చిరకాలము కుక్కలను పరిశీలించిన స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు 1965లో వెలువరించిన గ్రంథమున, మూడవవారము మొదలు పండ్రెండవవారము దాక గల కాలము కూన మనుష్యులకు మచ్చికయగుటకు ముఖ్యమైనదని తెలిపిరి. ఎదిగిన కుక్కను ఎన్నుకొనువారు, దాని జాతికంటె ముందుగా, ఆ వారములలో అది యెవరి నడుమ పెరిగినదో యడిగి తెలిసికొనుట మేలు.