దేశానికి ఒక లీగు లేని రోజుల్లో పెద్ద క్లబ్బులను ఓడించిన పోలీసులు

సాయంత్రం ఉస్మానియా క్యాంపస్‌లో బంతాట ఆడే కుర్రాళ్ల చొక్కాలు చూస్తే సగం ఇంగ్లండ్ కనిపిస్తుంది. ఆర్సెనల్, లివర్‌పూల్, చెల్సీ, మాంచెస్టర్. ఆట అయ్యాక తార్నాక చౌరస్తాలో చాయ్ దగ్గర మాటల్లోకి చిన్న ఊళ్ల జట్లు కూడా దిగుతాయి. 1901లో ఫుట్‌బాల్ లీగులో లేని టాటెన్‌హామ్ ఎఫ్‌ఏ కప్పు కొట్టింది. లీగు పుట్టాక బయటి జట్టుకు ఆ కప్పు దక్కడం అదొక్కసారే. 1972లో హియర్‌ఫర్డ్ అనే చిన్న ఊరి జట్టు న్యూకాసిల్‌ను 2-1తో ఇంటికి పంపింది. ఇవన్నీ నోటికి వస్తాయి. "సరేగానీ తమ్మీ, రోవర్స్ కప్పు వరసగా అయిదేండ్లు కొట్టిందెవరు?" అని అడిగితే మాత్రం మోహన్ బగాన్ అని ఒకరు, ఈస్ట్ బెంగాల్ అని ఒకరు.

జవాబు హైదరాబాద్ సిటీ పోలీస్. 1950, 51, 52, 53, 54. బొంబాయిలో 1891లో మొదలైన ఆ పోటీలో అలా వరసగా అయిదుసార్లు గెలిచిన జట్టు మరొకటి లేదు. ఇక ఉండబోదు కూడా, ఎందుకంటే 2001 తర్వాత రోవర్స్ కప్పు జరగడమే మానేసింది. బద్దలయ్యే భయం లేని రికార్డులు లోకంలో కొన్నే ఉంటాయి. వాటిలో ఒకటి మన పోలీసుల ఖాతాలో పడింది.

ఉద్యోగస్తుల జట్టు అంటే తేలిగ్గా చూసే అలవాటు మనకు ఉంది. ఇంగ్లండ్ పెద్ద క్లబ్బుల పుట్టుక చూస్తే ఆ అలవాటు పోతుంది. ఆర్సెనల్ 1886లో ఆయుధ కర్మాగారం కార్మికులు పెట్టుకున్న జట్టు. మాంచెస్టర్ యునైటెడ్ మొదట న్యూటన్ హీత్ రైల్వే షెడ్డులో పనిచేసేవాళ్లది. తార్నాక పక్కనే ఉన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపు వాళ్లు సాయంత్రం బంతి పట్టుకుని బయటికి వచ్చినట్టన్నమాట. తర్వాత డబ్బు వచ్చి అక్కడివాళ్లు క్లబ్బులయ్యారు, మనవాళ్లు ఉద్యోగాల్లోనే ఉండిపోయారు.

1939 హైదరాబాద్‌లో చిత్రమైన సంవత్సరం. సిటీ పోలీస్ జట్టు పుట్టింది ఆ ఏడే, హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడిందీ ఆ ఏడే, ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని నిజాం ప్రారంభించిందీ ఆ డిసెంబరు 4నే. అసోసియేషన్‌ను నడిపిన పెద్దల్లో ఎస్.ఎం. హాదీ ఒకరు. ఆయనదే ఒక విడి వింత. రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ కొట్టినవాడు ఆయన. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడింది మాత్రం టెన్నిస్. ఏడు ఆటల్లో చెయ్యి తిరిగినవాడని 'రెయిన్‌బో హాదీ' అనేవారు. ఈ రోజుల్లో అలాంటివాడు ఉంటే ఏ ఆటకు స్పాన్సర్లు ఇవ్వాలో తేల్చలేక కొట్టుకునేవారు.

జట్టు పుట్టిన నాలుగో ఏట, 1943లో, బెంగళూరు ఆష్ గోల్డ్ కప్పు ఫైనల్లో బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును సిటీ పోలీస్ ఓడించింది. నిజాం రాజ్యం పోలీసులు దొరల జట్టును దొరల ఆటలోనే గెలిచారంటే, ఆ కాలంలో అదెంత మాటో ఊహించుకోవాల్సిందే.

ఇక 1950. ఆసియాలోకెల్లా పాత పోటీ అయిన డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలో మొదలై, యుద్ధం వల్లా ఆ తర్వాతి గందరగోళం వల్లా చాలా ఏళ్లు ఆగిపోయి, ఆ ఏడాదే ఢిల్లీలో మళ్లీ మొదలైంది. స్వతంత్ర భారతంలో జరిగిన మొదటి డ్యూరాండ్ అది. ఫైనల్లో సిటీ పోలీస్‌కు ఎదురు మోహన్ బగాన్. మొదటి రోజు 2-2. మళ్లీ ఆడారు, 1-0తో కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. 1901లో టాటెన్‌హామ్ కథ కూడా సరిగ్గా ఇంతే, మొదట 2-2, మళ్లీ ఆడితే గెలుపు. ఇంగ్లండ్‌లో ఆ మ్యాచ్ మీద పుస్తకాలు పుట్టాయి. ఇక్కడ ఆ ఫైనల్ సంగతి ఎత్తితే గుర్తుపట్టేవాళ్లను వెతకాలి.

డ్యూరాండ్ కప్పు పోలీసులకు మొత్తం నాలుగుసార్లు దక్కింది, 1950, 1954, 1957, 1961. దీని పక్కన రోవర్స్ జాబితా పెడితే ఒక సంగతి తేలుతుంది. 1950లో రెండు కప్పులూ వాళ్లవే. 1954లోనూ రెండూ. 1957లోనూ రెండూ. 1961లో రోవర్స్ పోలీసులకు రాలేదు, కానీ ఊరు దాటీ పోలేదు, సికింద్రాబాద్ ఇ.ఎం.ఇ. సైనికులు పట్టుకొచ్చారు. దేశంలో పెద్ద కప్పులు మూడో నాలుగో ఉన్న రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. అప్పటికి రాష్ట్రం మారి జట్టు పేరు ఆంధ్ర పోలీస్ అయింది. ఆ పేరు మీద కూడా 1960లోను, 1963లోను రోవర్స్ గెలిచారు, మధ్యలో 1962లో ఈస్ట్ బెంగాల్‌తో పంచుకున్నారు. మొత్తం తొమ్మిది.

రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ పేరుతో 1956-57లోను, 57-58లోను వరసగా గెలుపు, రెండుసార్లూ ఓడింది బొంబాయే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఇంకొకటి. ఆ తర్వాత ఆ కప్పు ఇటు తిరిగి చూడలేదు.

అన్నిటికన్నా పెద్ద విశేషం, పోలీసులకు ఆట నేర్పినవాడు పోలీసు కాదు. బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం, 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, విద్యార్థిగా అక్కడి జట్టుకు ఆడినవాడు. క్యాంపస్ పిల్లలు మరీ మురిసిపోకముందే ఒక మాట చెప్పాలి. ఆయన చదువుకునే కాలానికి ఈ క్యాంపస్సే లేదు. ఉస్మానియా అప్పుడు గన్‌ఫౌండ్రీ వైపు అద్దె ఇళ్లలో నడిచేది. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫొటో దిగే అదృష్టం ఆయనకు లేదు.

చదువయ్యాక కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, అసోసియేషన్ కార్యదర్శి అయ్యాడు. ఆయన పెట్టిన పోటీలు వింటే నవ్వొస్తుంది, రెండో నిమిషంలో ఆశ్చర్యమేస్తుంది. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే, ఎడమకాలివాడు కుడికాలితోనే తన్నాలని ఒక టోర్నమెంటు. బంతిని కాలికి అంటిపెట్టుకుని నలుగురిని దాటుకుపోయే సోకు కుదరదని, డ్రిబ్లింగే నిషేధించి ఇంకొకటి. బంతి అందిన మరుక్షణం జతగాడికి ఇచ్చెయ్యాలి, అంతే. ఇవాళ యూరప్ అకాడమీల్లో పిల్లల చేత చేయించే కసరత్తులు ఇలాంటివే. జీతం అంతంతమాత్రంగా ఉన్న ఒక మేష్టారు, పరికరాలు కొనలేని ఊళ్లో, నియమాలు మార్చి ఆటగాళ్లను తయారుచేశాడు. నన్నడిగితే అయిదు రోవర్స్ కప్పుల కన్నా ఆ ఎడమకాలి టోర్నమెంటే గొప్ప. కప్పులు దాని వెనకాల నడుచుకుంటూ వచ్చాయి.

ఆ పద్ధతినే ఆయన భారత జట్టుకు పట్టుకుపోయాడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై 1-0తో స్వర్ణం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చావుదెబ్బ, మనవాళ్లలో చాలామంది అప్పటికి వట్టికాళ్లతో ఆడేవారు. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి సెమీఫైనల్‌కు చేరారు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ దాకా వెళ్లిన మొదటి ఆసియా దేశం మనదే. ఆ జట్టులో హైదరాబాద్ వాళ్లు బలరాం, జుల్ఫికరుద్దీన్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, ఇంకా కొందరు. 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి రెండో స్వర్ణం తెచ్చేనాటికే రహీంకు ఊపిరితిత్తుల క్యాన్సర్. మరుసటేడు జూన్ 11న పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మూడో స్వర్ణం ఇంతవరకు లేదు. ఆయన మీద సినిమా రావడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది, అదీ హిందీలో: 2024లో 'మైదాన్'.

బూట్ల మాట వచ్చింది కాబట్టి తులసీదాస్ బలరాం సంగతి చెప్పకుండా దాటలేం. 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన బీద పిల్లవాడు. కొత్త బూట్లు కొనే దారి లేక, ఎవరో పోలీసాయన పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే అతని చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడు. ఖర్చు రెండు రూపాయలు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్ కొట్టిన కాళ్ల కథ మొదలైంది అక్కడ. విచిత్రం ఏమిటంటే పోలీసు బూట్లు తొడిగిన బలరాం పేరు తెచ్చుకుంది పోలీసు జట్టులో కాదు. కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు.

తర్వాత అదే ఆనవాయితీ అయింది. హైదరాబాద్‌లో పుట్టడం, కలకత్తాలో పేరు తెచ్చుకోవడం. మహమ్మద్ హబీబ్ అక్కడి మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. 1977 సెప్టెంబరులో ఈడెన్ గార్డెన్స్‌కు పీలే తన న్యూయార్క్ కాస్మోస్‌తో వచ్చినప్పుడు 2-2గా ముగిసిన మ్యాచ్‌లో మోహన్ బగాన్ కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. ఆయన తమ్ముడు అక్బర్ ఇంకో రికార్డు పట్టుకున్నాడు. 1976లో ఈస్ట్ బెంగాల్ మీద మోహన్ బగాన్ తరఫున పదిహేడో సెకనులోనే గోల్ వేశాడు. కలకత్తా డెర్బీలో అంత తొందరగా పడ్డ గోల్ లేదు. స్టేడియంలో సీటు వెతుక్కుంటున్న జనం ఎంతమంది దాన్ని పోగొట్టుకున్నారో! సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. అర్జున పురస్కారం, తర్వాత 1990లో ద్రోణాచార్య. ఫుట్‌బాల్ కోచ్‌కు ద్రోణాచార్య రావడం అదే మొదలు. షబ్బీర్ అలీ 2011లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్న మొదటి ఫుట్‌బాలర్. అందరూ మన గల్లీల పిల్లలే, కానీ పోస్టర్లన్నీ బెంగాలీలో.

మన ఊరికి వచ్చిన మ్యాచ్‌ల జాతకం వేరే. 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్పు ఇక్కడ జరిగింది. వానలకు గ్రౌండు పాడై, ఫైనల్ ఢిల్లీకి తరలిపోయింది. అక్కడ భారత్ తరఫున ఛెత్రీ హ్యాట్రిక్ కొట్టి కప్పు గెలిపించాడు. ఇక్కడ మనం చూసింది వాన.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరుతో ఐఎస్‌ఎల్ జట్టు వచ్చింది. మొదటి ఏడాది పద్దెనిమిది మ్యాచ్‌లకు పది పాయింట్లు, అట్టడుగు స్థానం. మూడో సీజన్‌కు, 2022 మార్చి 20న, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఛాంపియన్. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఇందులో అసలు వింత, కరోనా వల్ల ఆ సీజనంతా గోవాలోనే నడిచింది. సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ఊరికి కప్పు తెచ్చిన జట్టు అది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి మకాం మార్చి పేరు కూడా మార్చేసుకుంది. క్యాంపస్‌లో అక్కడక్కడా కనిపించే ఆ పసుపుపచ్చ చొక్కాలు ఇక పురావస్తువులే.

మిగిలిన ఒక్క జట్టు శ్రీనిధి డెక్కన్ విశాఖపట్నం పేరు మీద అనుమతి తెచ్చుకుని హైదరాబాద్ శివార్లలో ఆడుతోంది. 2022-23లోను, 23-24లోను ఐఎస్‌ఎల్‌కు కింది అంచె అయిన ఐ-లీగులో వరసగా రెండో స్థానం. రెండోసారి దాన్ని దాటుకుని పైకి వెళ్లింది మహమ్మడన్ స్పోర్టింగ్, అదీ కలకత్తాదే.