తుపాను పటం మీద తెలుగు అక్షరం
ఫాంట్లు ఉచితమే - పూనుకునేవారే కావాలి

కాట్రేనికోన: 1996 నవంబరు 6వ తేదీని కోనసీమ తీరం ఇప్పటికీ మరచిపోలేదు. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుపాను కొబ్బరితోటలను నేలకూల్చింది. వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. ఆనాటితో పోలిస్తే హెచ్చరికలు నేడు ఎంతో మెరుగుపడ్డాయి. తుపాను దారిని చూపే పటాలు సెల్‌ఫోన్లకే వస్తున్నాయి. అయితే వాటి మీద పేర్లు, సూచనలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటున్నాయి. తెలుగు మాత్రమే చదవగలిగిన తీరవాసులకు అవి అక్కరకు రావడం లేదు. తెలుగు అక్షరాలకు ఖర్చవుతుందన్న సాకు మాత్రం ఇక చెల్లదు.

ముగ్గు వేసినట్టు అక్షరం

కంప్యూటరు గీసే పటాలకు అక్షరాలు సమకూర్చిన తొలితరం వారిలో డాక్టర్ అలెన్ హెర్షీ ఒకరు. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పనిచేసిన ఆయన 1967లో తన అక్షరాలను ప్రకటించారు. ముగ్గులో చుక్కలు కలిపినట్టు, ఒక్కొక్క అక్షరాన్ని చిన్న చిన్న గీతలుగా విడగొట్టి, అవి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో అంకెల్లో రాసిపెట్టారు. యంత్రపు కలం ఆ అంకెలను బట్టి గీసుకుపోతుంది. ఆ పట్టికలను 1976లో అక్కడి ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ప్రచురించింది. శాస్త్రజ్ఞులు తమ గ్రాఫులకు, పటాలకు వాటిని విరివిగా వాడుకున్నారు. గ్రీకు, రష్యన్, జపాను లిపులు, చివరకు వాతావరణ గుర్తులు సైతం హెర్షీ అక్షరాలలో ఉన్నాయి. తెలుగు మాత్రం లేదు.

ఒత్తుల చిక్కు

గుణింతాలు, ఒత్తుల వల్ల తెలుగుకు వందలాది ఆకారాలు కావాలి. 1991లో వెలువడిన యూనికోడ్ పద్ధతి తెలుగు అక్షరాలకు ప్రపంచమంతటా ఒకే సంఖ్యలు కేటాయించడంతో దారి ఏర్పడింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన గిడుగు, మండలి, సురవరం తదితర ఫాంట్లను సిలికానాంధ్ర సంస్థ అందరికీ అందుబాటులోకి తెచ్చింది. వీటిని ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు, పుస్తకాలు, కరపత్రాలు అచ్చు వేసుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు. మార్పులు చేయడానికి సైతం షరతులకు లోబడి అనుమతి ఉంది.

పరీక్షకు ఒక్క మాట

పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేరు, లెక్కల పుస్తకాలు కూర్చే టెక్ సాఫ్ట్‌వేరు కూడా ఉచితమే. అయితే కొన్ని సాఫ్ట్‌వేర్లు తెలుగు ఒత్తులను సరిగా కలపలేక అక్షరాలను చెల్లాచెదురు చేస్తాయి. అచ్చుకు ముందు 'మత్స్యకారులు' అనే మాట కొట్టి చూస్తే చాలు. త కింద స, య ఒత్తులు రెండూ కుదిరితే ఆ పని నమ్మకంగా సాగించవచ్చు.

బలుసుతిప్ప, పల్లంకుర్రు, చెయ్యేరు పేర్లు, తుపాను రక్షణ భవనాలు, మెరక దారులు తెలుగులో గుర్తించిన పటం పంచాయతీ గోడమీద ఉంటే ఆపదవేళ ఎంతో ఉపకరిస్తుంది. డి.టి.పి. తెలిసిన యువకులు, ఉపాధ్యాయులు, అధికారులు కలిసి వచ్చే తుపాను రోజులలోగా ఈ పనికి పూనుకోవడం అవసరం.