విమానమెక్కే ఇన్సులిన్



మన సరిహద్దు జిల్లాల్లో ఒకప్పుడు దూరప్రయాణమంటే తిరుపతి, మంత్రాలయం, మహా అయితే కాశీ. ఇప్పుడు బళ్ళారి పక్క పల్లెలోని అవ్వ కూడా కూతురి పురుడు పొయ్యడానికి అమెరికా పోయి వస్తోంది. హోసూరు నుంచి సింగపూరుకు, బరంపురం నుంచి దుబాయికి పోయే పెద్దవాళ్ళు ఎంతమందో. పోయే ముందు ఆవకాయ జాడీకి మూత ఎట్లా బిగించాలి, పెట్టె ఎన్ని కిలోలు తూగుతుంది అని ఇంటిల్లిపాదీ కూర్చొని ఆలోచిస్తారు. ఆ సామానులోనే ఆవకాయ కంటే సుకుమారమైన వస్తువు ఇంకొకటి ఉంటుంది. దాని సంగతి మాత్రం టాక్సీ వాకిట్లోకి వచ్చినాక, ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు గుర్తుకొస్తుంది. అదే ఇన్సులిన్.

కన్నడంలో సక్కరె కాయిలె అంటారు, మనం చక్కెర జబ్బు అంటాం, ఊరందరికీ తెలిసిన పేరు షుగరు. మాత్రలు వేసుకునేవారికి ప్రయాణంలో పెద్ద చిక్కు లేదు. సూది వేసుకునేవారికి రెండు భయాలు. మందు దారిలో చెడిపోతుందేమో అన్నది ఒకటి, సూదులు చూసి విమానాశ్రయంలో పట్టుకుంటారేమో అన్నది రెండోది. రెండో భయం చాలామటుకు అనవసరం. మొదటిదే అసలైనది. అది కూడా మనం అనుకునే చోట ఉండదు.

ఇన్సులిన్ ఒక మాంసకృత్తి, అంటే ప్రోటీను. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు దీన్ని వేరు చేశారు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ పిల్లవాడికి మొదటిసారి ఎక్కించారు. అంతకుముందు ఆ జబ్బు వచ్చిన పసివాళ్ళు బతికేవారు కారు. ప్రోటీను ఎట్లాంటిదో వంటింట్లో చూస్తూనే ఉంటాం. ఉడికిన కోడిగుడ్డు మళ్ళీ పచ్చిది కాదు, విరిగిన పాలు మళ్ళీ కలవవు. ఇన్సులిన్ ఎక్కువ వేడికి మెల్లమెల్లగా శక్తి కోల్పోతుంది. గడ్డ కడితే మాత్రం ఒక్కసారిగా పాడవుతుంది. గడ్డకట్టినది కరిగినాక చూడ్డానికి మామూలుగానే కనిపించవచ్చు, అయినా దాన్ని పారెయ్యవలసిందే. మన జనం వేడికి భయపడినంతగా గడ్డకట్టడానికి భయపడరు. నా లెక్కలో ఇది తలకిందులు.

సీలు తియ్యని సీసాను 2 నుంచి 8 డిగ్రీల చలువలో ఉంచాలి. ఫ్రిజ్‌లో కింది అరల్లో ఉండే చలువ అది. సీలు తీసి వాడుకుంటున్న సీసాను గానీ పెన్నును గానీ 25, 30 డిగ్రీలు దాటని చోట పెట్టుకుంటే సుమారు 28 రోజులు పనిచేస్తుంది. కొన్ని రకాలకు ఈ గడువు వేరుగా ఉంటుంది, డబ్బాలోని కాగితంలో రాసి ఉంటుంది. కెన్యాలోని దాగహలే శరణార్థి శిబిరంలో పగలూ రాత్రీ వేడి 25కూ 37కూ మధ్య ఊగుతుంటే, ఆ తీరులోనే ఇన్సులిన్‌ను నాలుగు వారాలు ఉంచి పరీక్షించారు. దాని శక్తి తగ్గలేదని 2021లో ప్రచురించారు. కాబట్టి ఒక రోజు ప్రయాణంలో సీసా గోరువెచ్చబడిందని గుండెలు బాదుకోనక్కరలేదు. ఆ మాట చెప్పుకొని మూసిన కారులో పెట్టి పోవడం మాత్రం కూడదు. మే నెల బళ్ళారి ఎండలో నిలిపిన కారు లోపలి వేడి 37 దగ్గర ఆగదు.

మందుకు కష్టకాలం విమానంలో ఉండదు. విమానం లోపల మనుషులకు సరిపడే చలువే మందుకూ సరిపోతుంది. కష్టమంతా ఊరి నుంచి విమానాశ్రయం దాకా. బళ్ళారి నుంచి దేవనహళ్ళికి బస్సులో ఒక రాత్రి, లేకపోతే ఒక పగలు. కిటికీ పక్క ఎండ, ఇంజను మీద సీటు, పైన సామాను అటక. మా వీధిలో ఒక పెద్దమ్మ, నలుగురు కొడుకుల తల్లి, నన్నడిగింది: "అయివారూ, ఐసుగడ్డల మధ్య సీసాలు పెట్టి స్టీలు డబ్బాలో మూత బిగించినా. మా పెద్దోడు అట్లే చెయ్యమన్నాడు. చాలు గదా?" నేనన్నాను: "పెద్దమ్మా, చాలడం కాదు, మించిపోయింది. ఐసుకు ఆనుకున్న సీసా గడ్డకడుతుంది." ఫ్రీజరు నుంచి అప్పుడే తీసిన ఐసు సున్నా కంటే బాగా చల్లగా ఉంటుంది. అందుకని ఐసు పొట్లానికీ మందుకూ నడుమ నాలుగు మడతల గుడ్డ ఉండాలి. చలువ తగలాలి, ఐసు తగలకూడదు.

ఐసు లేకుండా ఇంకొక ఉపాయం ఉంది. మన కుండనీళ్ళ ఉపాయమే. మట్టికుండ, కన్నడంలో మడకె, చెమర్చి ఆరుతుంటే నీళ్ళు చల్లబడతాయి. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని కుండ నుంచే లాక్కుంటుంది. ఈ సూత్రం మీదే చిన్న సంచులు అమ్ముతున్నారు. లోపల ఉప్పురవ్వల్లాంటి పలుకులుంటాయి. కాసేపు నీళ్ళలో ముంచితే ఉబ్బి, రెండు మూడు రోజులు తడిగా ఉండి, మెల్లగా ఆరుతూ మందును చల్లగా ఉంచుతాయి. దీనిలో గడ్డకట్టే భయమే లేదు. అయితే ఫ్రిజ్ అంత చలువ రాదు. వాడుకలో ఉన్న సీసాకు మేలు, ఆరు నెలల నిలవకు చాలదు. ఇంకో సంగతి. ఇది బళ్ళారి, రాయచూరు వంటి పొడిగాలి ఊళ్ళలో పనిచేసినట్టు యానాంలోనో బరంపురంలోనో పనిచెయ్యదు. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, గుడ్డే ఆరనప్పుడు సంచి ఎట్లా ఆరుతుంది? దీన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి పెడితే కుండకు గోనెసంచి బదులు రేకు చుట్టినట్టే. గాలి తగలాలి.

విమానంలో మందును పెద్ద పెట్టెలో వేసి కిందికి పంపవద్దు. 35,000 అడుగుల ఎత్తున బయట చలి సున్నాకు 50 డిగ్రీలకు పైగా దిగువన ఉంటుంది. సామాను గదిలో అంత చలి ఉండకపోయినా, మన పెట్టె ఏ మూల పడుతుందో, విమానం పక్క ఎండలో ఎంతసేపు నిలుస్తుందో మన చేతిలో లేదు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం పెట్టె తప్పిపోవడం. చీర తప్పిపోతే ఇంకో చీర కొనుక్కోవచ్చు. టైప్ 1 అనే రకం జబ్బున్న పిల్లవాడికి ఇన్సులిన్ లేకపోతే కొన్ని గంటల్లోనే వాంతులు మొదలై, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందువల్ల మందంతా చేతిసంచిలోనే ఉండాలి. ఇద్దరు కలిసి పోతుంటే రెండు సంచుల్లో సగం సగం పంచుకోవడం ఇంకా మంచిది. విమానంలో పనిచేసే అమ్మాయికి ఇచ్చి ఫ్రిజ్‌లో పెట్టమనకండి. చాలా సంస్థలు ఒప్పుకోవు. ఒప్పుకున్నా అది ఐసు పక్కన పడవచ్చు, దిగేటప్పుడు మనమే మరిచిపోవచ్చు.

ఇక సూదుల సంగతి. మందుతో పాటు ఉన్న సూదులను, సిరంజీలను విమానాల్లో అనుమతిస్తారు. మందు లేకుండా ఉత్త సూదులు కనిపిస్తేనే ప్రశ్నలు. 2006 ఆగస్టులో లండనులో ద్రవరూప బాంబుల కుట్ర బయటపడినాక, అంతర్జాతీయ ప్రయాణాల్లో చేతిసంచిలోని ద్రవాలకు 100 మిల్లీలీటర్ల హద్దు పెట్టారు. మందులకు ఆ హద్దు నుంచి సడలింపు ఉంది. అసలు మన ఇన్సులిన్ సీసా 10 మిల్లీలీటర్లు, పెన్నులోని గొట్టం 3 మిల్లీలీటర్లు. హద్దుకు ఆమడ దూరం! చల్లదనం కోసం పెట్టిన జెల్ పొట్లాలు కరిగి ఉన్నా, మందు కోసమైతే అమెరికా తనిఖీవారు ఒప్పుకుంటారు. సంచిని యంత్రంలో పెట్టే ముందే మనంతట మనం చెప్పాలి. మన విమానాశ్రయాల్లో తనిఖీ చేసే సి.ఐ.ఎస్.ఎఫ్. జవాన్లలో హిందీవాళ్ళు ఎక్కువ. "ఇన్సులిన్ హై, డాక్టర్ కీ చిట్ఠీ హై" అన్న రెండు ముక్కలు నేర్చుకుంటే చాలు. ఎక్స్‌రే యంత్రం గుండా పోయినందువల్ల ఇన్సులిన్‌కు ఏమీ కాదు. ఒంటికి ఇన్సులిన్ పంపు పెట్టుకున్నవారు మాత్రం దానితో యంత్రంలోకి పోకుండా, చేత్తో తనిఖీ చెయ్యమని అడగాలి.

ఆ చీటీ దగ్గరే మన సరిహద్దు ప్రాంతాలవారికి ప్రత్యేకమైన తంటా ఒకటుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో, పాస్‌పోర్టులో ఇంగ్లీషు. ఆస్పత్రి చీటీ మీద "సుబ్బమ్మ, 62" అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరో, ఊరిపేరో, భర్త పేరో చేరి సుబ్బమ్మ ఎక్కడో చివర ఉంటుంది. బడిలో పేర్లు ఎక్కించే పని చేసినవాణ్ణి కాబట్టి ఈ తికమక ఎంత సులువుగా పుడుతుందో నాకు తెలుసు. మన దగ్గర మందుల షాపువాళ్ళు డబ్బా మీద రోగి పేరు అంటించి ఇవ్వరు. అందుచేత మందు మనదేనని చెప్పే ఆధారం ఆ చీటీ ఒక్కటే. డాక్టరుగారి దగ్గర ఇంగ్లీషులో, పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు రాయించుకోండి. కంపెనీ పెట్టిన పేరుతో పాటు మందు అసలు పేరు, ఎన్ని యూనిట్లు, ఎన్ని పూటలు, సూదులు తప్పనిసరి అన్న మాట, సంతకం, ముద్ర ఉండాలి. షాపు బిల్లు కూడా జతచెయ్యండి. అమెరికాకైతే సాధారణంగా మూడు నెలలకు సరిపడే మందు తీసుకుపోనిస్తారు. గల్ఫ్ దేశాల్లో ఇన్సులిన్‌కు ఇబ్బంది లేదు గానీ, కొన్ని నొప్పి మాత్రలకు, నిద్ర మాత్రలకు ముందుగా అనుమతి కావాలి. వాటిని ఇన్సులిన్ సంచిలో కలిపి వెయ్యకండి.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా వినండి. మన దేశంలో సీసాల్లో అమ్మే ఇన్సులిన్‌లో ఎక్కువ భాగం యు-40 రకం. అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. దాని సిరంజీకి ఎర్ర టోపీ ఉంటుంది. అమెరికాలో దొరికే మామూలు రకం యు-100, అంటే ఒక మిల్లీలీటరులో 100 యూనిట్లు. దాని సిరంజీకి నారింజ రంగు టోపీ. మన దగ్గర పెన్నుల్లో వచ్చేదీ ఎక్కువగా యు-100 రకమే. ఎర్ర టోపీ సిరంజీతో యు-100 మందును 20 గీత దాకా తీస్తే, లోపలికి వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. ఇరవై అనుకొని యాభై వేసుకున్నట్టు. చెమటలు పట్టి, కళ్ళు తిరిగి, స్పృహ తప్పేంత పని. తిప్పి చెయ్యండి: నారింజ టోపీ సిరంజీతో మన యు-40 మందును 20 గీత దాకా తీస్తే వచ్చేది 8 యూనిట్లే. అప్పుడు షుగరు పెరుగుతూ పోతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. మనవడు ప్రేమకొద్దీ అక్కడి షాపు నుంచి సిరంజీలు తెచ్చిస్తే ఈ లెక్క తప్పుతుంది. కాబట్టి సీసాలు ఎన్ని తీసుకుపోతే, వాటికి సరిపడా ఎర్ర టోపీ సిరంజీలు కూడా ఇక్కడి నుంచే పోవాలి. రోజుకు 30 యూనిట్లు వేసుకునేవారికి 400 యూనిట్ల సీసా 13 రోజులు వస్తుంది. మూడు నెలలకు ఏడు సీసాలు, పగిలితే ఉండాలని ఇంకొకటి రెండు. పూటకొక సిరంజీ చొప్పున లెక్కవేసుకోండి.

విమానంలో భోజనం వస్తుందని అనౌన్స్‌మెంటు విని ముందే సూది వేసుకోవద్దు. విమానం ఊగితే ఆ బండి వెనక్కి పోతుంది, గంటదాకా రాదు. పళ్ళెం ముందుకు వచ్చినాకే వేసుకోవాలి. జేబులో బెల్లంముక్కో గ్లూకోజు బిస్కెట్లో ఎప్పుడూ ఉండాలి. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కనక పెన్నుకు సూది తగిలించి ఉంచితే లోపలికి బుడగలు చేరతాయి. వాడినాక సూది తీసెయ్యాలి, మళ్ళీ వేసుకునే ముందు రెండు యూనిట్లు గాలిలోకి వదిలి చూడాలి. వాడిన సూదిని ముందు సీటు జేబులో పెట్టడం మహా పాపం. తర్వాత చెయ్యి పెట్టి ఊడ్చే మనిషి ఎవరో కదా! మందమైన ప్లాస్టిక్ సీసా ఒకటి మూతతో సహా వెంట ఉంచుకోండి.

దుబాయికి గంటన్నర తేడా, సింగపూరుకు రెండున్నర. ఈ మాత్రం దానికి మందు వేళలు కొద్దిగా జరుపుకుంటే సరిపోతుంది. అమెరికాకు పగలు రాత్రవుతుంది. అప్పుడు ఏ పూట ఎన్ని యూనిట్లు అన్నది మనం ఊహించే పని కాదు. ప్రయాణానికి రెండు వారాల ముందే టికెట్టు డాక్టరుగారికి చూపించి, బయలుదేరే గంట, దిగే గంట చెప్పి, కాగితం మీద రాయించుకోవాలి. దిగేదాకా చేతి గడియారాన్ని మన ఊరి వేళకే ఉంచితే ఆ కాగితం చదువుకోవడం సులువు.

కీళ్ళవాతానికి వేసుకునే కొన్ని కొత్త సూదిమందులకు, గ్లకోమాకు వాడే కొన్ని కంటిచుక్కలకు కూడా చలువ కావాలి. చీటీ, చేతిసంచి, గుడ్డ మడత అన్నీ వాటికీ ఇవే. ఫ్రిజ్ బయట ఉండగల రోజులు మాత్రం ఒక్కోదానికి ఒక్కో తీరు.

తిరిగి వచ్చేటప్పుడు అక్కడ కొన్న యు-100 సీసా మిగిలిందని సంచిలో వేసుకొని వచ్చి ఇంటి ఫ్రిజ్‌లో పాత సీసాల పక్కన పెట్టేవారున్నారు. తెచ్చుకుంటే దాని నారింజ టోపీ సిరంజీలూ తెచ్చుకొని, రెంటినీ ఒకే డబ్బాలో కట్టి, ఇంట్లో సూది వేసేవారు చదవగలిగే భాషలో, తెలుగో కన్నడమో, పైన పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. అట్లా కుదరకపోతే ఆ సీసాను అక్కడే వదిలి రండి.