పాత కారుకి కొత్త కార్పెట్టా? ముందు అడుగు చూడండి!

ఇంట్లో ఓ పాత అంబాసిడరో, ఫియట్టో వుందంటే అది ఒట్టి బండి కాదు, ఇంట్లో మనిషి కింద లెక్క. మామగారు మిరప బాగా పలికిన ఏడాది ముచ్చటపడి కొన్నదో, మీ పెళ్ళికి పెళ్ళివారిని తీసుకొచ్చినదో అయివుంటుంది. "ఎందుకండీ ఇంకా ఇది, అమ్మేద్దాం" అని మీరే అంటారు. తీరా బేరానికి ఎవరైనా వస్తే మీకే మనసొప్పదు! ప్రీమియర్ పద్మిని కార్లు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. కాబట్టి వున్నదాన్ని కాపాడుకోవడమే మనం చేయగలిగింది.

ఇంజను సంగతి మగవాళ్ళు చూసుకుంటారు. లోపలి కార్పెట్లు, డోర్ ప్యాడ్లు, టాపు లైనింగు మాత్రం "రంగూ అదీ నువ్వే చూడు" అని మనకి వదిలేస్తారు. మంచిదే! గుడ్డ సంగతి, కుట్టు సంగతి మనకి తెలియనిదేముంది? కానీ రంగు ఎంచడంతో మీ పని అయిపోయిందనుకోకండి. "పాతదాని మీదే కొత్తది పరిచేసి సాయంత్రానికి ఇచ్చేస్తామమ్మా" అని షాపులో ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోకండి. ఎందుకో చూద్దాం.

కార్పెట్టు కింద ఏముంది?

లారీకి కింద గట్టి ఇనప దూలాలతో వేరే ఛాసిస్ వుంటుంది, దాని మీద బాడీ కూర్చుంటుంది. అంబాసిడర్, పద్మిని అలా కట్టినవి కావు. అడుగు రేకు, పక్కలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే పెట్టెలా వుంటాయి. అంటే మీరు కాళ్ళు పెట్టుకునే ఆ రేకే బండి బరువు మోయడంలో పాలు పంచుకుంటుంది. సీటు బిగించేదీ దానికే. ఆ రేకు తుప్పు పట్టిందంటే ఇంటి పునాది చెమ్మెక్కినట్టే.

మన వైపు తుప్పుకి కారణాలు కొల్లలు. పర్చూరు, ఇంకొల్లు చుట్టుపక్కలంతా నల్లరేగడి. వానాకాలం చెప్పులకి అంటుకుని వచ్చే ఆ బంకమట్టి నీళ్ళని పట్టి వుంచుకుంటుంది, ఓ పట్టాన ఆరదు. చీరాల, వాడరేవు ఎంతో దూరం లేవు, సముద్రపు ఉప్పుగాలి వుండనే వుంది. ఇక డిక్కీలో వేసుకొచ్చే ఎరువుల బస్తాలు! చిరుగులోంచి రాలిన ఎరువు గాలిలో చెమ్మని లాక్కుని ఇనుముని తినేస్తుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా. అలాంటి వానల్లో నీళ్ళలో నిలబడిన బండికి పైన కార్పెట్టు ఆరినట్టు కనిపిస్తుంది. కింద జనపనార ఫెల్టు మాత్రం తడి బొంతలా రోజుల తరబడి అలాగే వుంటుంది. పైన కొత్త కార్పెట్టు వేశామంటే ఆ తడిని మూతపెట్టి దాచినట్టే.

విప్పించేటప్పుడు

ముందు బాటరీ వైరు తీయించండి. ఆ తర్వాతే సీట్లు, తర్వాత తలుపుల దగ్గరి పట్టీలు, ఆఖర్న కార్పెట్టు. ఊడిన మరలని ఒకే డబ్బాలో పోస్తే మళ్ళీ ఏది ఎక్కడిదో తెలియదు. ఖాళీ అగరొత్తుల పెట్టెలో, పాత మాత్రల డబ్బాలో విడివిడిగా వేసి పైన కాగితం అంటించండి. విప్పకముందే నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

పాత కార్పెట్టు ముక్కలు ఎంత చిరిగినా సరే పారేయకండి! అవే మీ కొలతలు. కొత్తవి బిగించి, తలుపులు వేసి చూసుకున్నాకే పాతవాటికి సెలవు.

అడుగు బయటపడ్డాక ఒట్టి కంటితో చూసి వదిలేయొద్దు. పాత స్క్రూడ్రైవరుతో అక్కడక్కడా గట్టిగా పొడిచి చూడమనండి. పైపైన ఎర్రబడి రేకు గట్టిగా వుంటే దిగుల్లేదు. ఉప్పుకాగితంతో గీకించి, బాగా తుడిపించి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, దాని మీద పెయింటు వేయిస్తే చాలు. స్క్రూడ్రైవరు లోపలికి దిగిపోయిందంటే మాత్రం టింకరింగు పనే. చెడిన రేకు కోసి కొత్త రేకు వెల్డింగు చేయాలి. ఎం-సీల్ పూసి, తారు రాసి కన్నం మూసేస్తే కన్నం కనబడదు కానీ బలం రాదు. సీటు బోల్టుల దగ్గర, సీటు బెల్టు బిగించే చోట తుప్పు వుంటే ఇక రెండో ఆలోచన వద్దు. బ్రేకు గట్టిగా వేసినప్పుడు మనిషిని ఆపేది అదే.

వెల్డింగు జరిగేటప్పుడు కార్పెట్లు, గమ్ము డబ్బాలు బండిలో వుండకూడదు. పెట్రోలు టాంకు ఎటు వుందో చూసుకోమని గుర్తుచేయండి.

నీళ్ళు ఎటునుంచి?

అడుగు బాగుచేయించారు సరే, నీళ్ళు వచ్చే దారి మూయకపోతే రెండేళ్ళలో మళ్ళీ మొదటికొస్తుంది. పరీక్ష తేలికే. ఒకరు టార్చిలైటుతో లోపల కూర్చోవాలి, మరొకరు పైపుతో ముందద్దం మీద, తలుపుల మీద నీళ్ళు పోయాలి. చెమ్మ ఎక్కడ కనబడితే అక్కడి రబ్బరు బీడింగు మార్పించండి. తలుపుల అడుగున చిన్న కన్నాలుంటాయి, అవి నీళ్ళు బయటికి పోయే తూములు. రంగులు వేసేటప్పుడు వాటిని మూసేయకుండా చూడండి.

డోర్ ప్యాడ్ అట్ట ఉబ్బిందంటే అద్దం మీదుగా తలుపులోకి దిగిన నీళ్ళు దానికి తగులుతున్నాయన్నమాట. అట్టకీ తలుపుకీ మధ్య మందపాటి పాలిథిన్ కాగితం అంటించాలి. ఎరువుల బస్తా కోసి వాడదామని మాత్రం అనుకోకండి.

ఏ రకం, ఏ రంగు?

ఇంట్లో హాల్లో పరిచే ఒత్తయిన తివాచీ బండికి పనికిరాదు. అది వంపుల్లో ఒదగదు, మట్టిని లోపలికి పీల్చుకుంటుంది. కురచ పోగు వున్న నైలాను కార్పెట్టు నయం. త్వరగా ఆరుతుంది, తొక్కుడుకి ఆగుతుంది. కింద మెత్తగా వుంటుందని పాత దుప్పట్లు, బొంతలు వేయించకండి. నూలు తడిని వదలదు, పైగా ఎలుకలకి పురుడు పోసుకునే చోటవుతుంది!

రంగు విషయానికొస్తే, "నలుపైతే మాయదు" అనుకుంటాం. కానీ మన రేగడి పేరుకే నలుపు, ఎండితే బూడిదరంగు దుమ్ము. నల్ల కార్పెట్టు మీద ప్రతి అడుగూ ముగ్గేసినట్టు కనబడుతుంది. ముదురు బూడిదరంగు, కాఫీరంగు మనకి అనువైనవి.

సీట్లకి రెగ్జిను వేయిస్తే తుడవడం సుఖం, వేసవిలో కూర్చోవడం కష్టం. రెగ్జిను మీద తొడిగి తీసే నూలు కవర్లు కుట్టించుకుంటే రెండూ కలిసొస్తాయి. చీరాల మగ్గాల మీద నేసిన దళసరి నూలు గుడ్డ ఇందుకు బాగుంటుంది. కుట్టించే ముందు ఒకసారి తడిపి ఆరేయడం మరచిపోకండి. లేకపోతే మొదటి ఉతుకుకే కవరు కురచైపోతుంది.

జాకెట్టు కటింగులాగే

పాత ముక్కలని న్యూస్‌పేపరు మీద పరిచి గీత గీసుకోండి. అంచుకి అంగుళం ఎక్కువ వదలండి. కురచైతే చేసేదేమీ లేదు, ఎక్కువైతే కత్తిరించుకోవచ్చు. ప్రతి కాగితం మీదా "కుడి", "ఎడమ", "ముందు" అని రాయండి. కుడి ముక్క కాగితాన్ని తిరగేసి ఎడమకి వాడేటప్పుడు కార్పెట్టు మంచివైపు ఏదో చూసుకోండి. వెల్వెట్టు జాకెట్టుకి పోగు ఒకే వైపు వచ్చేలా కోస్తాం కదా, ఇదీ అంతే. లేకపోతే ఒక ముక్క ముదురుగా, ఇంకోటి లేతగా కనిపిస్తుంది.

గేరుబాక్సు మీద ఎత్తుగా వుండే చోటే అసలు చిక్కు. కార్పెట్టుని కాసేపు ఎండలో వేసి మెత్తబడ్డాక దాని మీద పరిచి, చేత్తో నొక్కుతూ ఒదిగించాలి. మడత లేచిన చోట డార్టు వేసినట్టు కోసి కలపాలి. అంచులకి రెగ్జిను పైపింగు తప్పనిసరి, లేకపోతే పోగులు ఊడొస్తాయి. ఇంటి కుట్టుమిషను సూది ఆ మందానికి విరుగుతుంది. ఆ పని కుషన్ షాపు మిషనుకే వదిలేయండి. దగ్గర్లో పనివాళ్ళు కుదరకపోతే విజయవాడ ఆటోనగర్ వుండనే వుంది. వెళ్ళేముందు సరుకు ఖరీదు వేరుగా, కూలి వేరుగా రాయించుకోండి.

గమ్ము వాసన తల తిప్పుతుంది, మంటకి ఇట్టే అంటుకుంటుంది. ఇంటి దగ్గర అంటిస్తే వంటిల్లుకి దూరంగా, గాలాడే చోట చేయించండి. తర్వాత రెండు రోజులు బండి తలుపులు తెరిచి నీడన వుంచండి.

పెడళ్ళ దగ్గర ప్రాణమంత జాగ్రత్త

కార్పెట్టు ఎంత అందంగా కుదిరినా, డ్రైవరు కాళ్ళ దగ్గర వదులుగా వుంటే ప్రమాదమే. ముందుకి జరిగిన మ్యాటు యాక్సిలరేటరుని తొక్కిపట్టి వుంచేస్తుంది, బండి ఆగదు. 2009లో అమెరికాలో టయోటా కంపెనీ ఈ మ్యాట్ల భయంతోనే దాదాపు 38 లక్షల కార్లకి రీకాల్ ప్రకటించింది. మన పాత బండి ఎంత? పని పూర్తయ్యాక ఇంజను ఆపివుండగా మూడు పెడళ్ళనీ పూర్తిగా తొక్కి వదిలి చూడమనండి. దేనికీ కార్పెట్టు అంచు తగలకూడదు. కార్పెట్టు మీద ఒక మ్యాటే, అదీ జారకుండా బిగించింది. కొన్ని పాత బండ్లలో లైటు డిమ్ము చేసే స్విచ్చి కాలికిందే వుంటుంది, దానికి కన్నం కోయడం మరవకూడదు.

పదిహేనేళ్ళు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ని అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి కదా. అప్పుడు బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని చూస్తారు. గట్టి అడుగు అప్పుడూ ఆదుకుంటుంది.

కొత్తది కొత్తగా వుండాలంటే

* మిరపకాయల టిక్కీలు బండిలో తెచ్చారా? కార్పెట్టుని ముందు తడపకండి. ముక్కుకి గుడ్డ కట్టుకుని, గాలి మీ వీపుకి తగిలేలా నిలబడి పొడిగా దులపండి. మిరప ఎరుపు నూనెలో కరిగేదే కానీ ఒట్టి నీళ్ళకి పోదు. సబ్బుపొడి నురగతో రుద్ది తుడవండి.
* పత్తి పింజలు చీపురుకి రావు. కాస్త తడిపిన స్పాంజితో ఒకే వైపు లాగితే వుండలు కట్టి వచ్చేస్తాయి.
* బురద అంటితే ఆరనిచ్చి, రాలగొట్టి, ఆపైన తుడవండి. పచ్చిగా రుద్దితే లోపలికి దిగుతుంది.
* వానాకాలంలో రాత్రి కార్పెట్టు అంచు కింద మడిచిన న్యూస్‌పేపరు పెట్టి, పొద్దున తీసి చూడండి. మెత్తబడిందంటే నీళ్ళు ఎక్కడో దిగుతున్నట్టే.
* ఎండకాసిన రోజున నెలకోసారి మ్యాట్లు తీసి, తలుపులు తెరిచి ఓ గంట వుంచండి. పప్పులు, ఊరగాయ జాడీలు ఎండబెట్టుకునే మనకి ఇది కొత్త పనేమీ కాదు!