విజయనగరపు కోటయు పంచవిజయములును

రామతీర్థమున బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ యని మూడు గిరులు గలవు. మనువు పేర్కొనిన యారు దుర్గములలో గిరిదుర్గమే మేలైనది. ఇట్టి కొండలు చేరువ నుండగా, కుమిలి మట్టికోటను విడిచిన పూసపాటి ప్రభువులు విజయనగరమున సమభూమియందు నలుచదరపు రాతికోట నేల కట్టించిరని విద్యార్థు లడుగుచుందురు. కొండకోటకు నీరు దూరము, సంత దూరము. పెరుగుచున్న రాజ్యమునకు కాపుదలతోపాటు బాటయు బేరమును గావలయును. పైగా ఫిరంగులు వచ్చిన పిమ్మట పూర్వపు ధీమా తగ్గినది. 1494లో ఫ్రెంచిరాజు ఎనిమిదవ ఛార్లెసు ఇటలీపై దండెత్తినపుడు అచ్చటి పాతకోట లతని ఫిరంగుల కాగజాలకపోయెను.

ఇక నామము. విపూర్వకమగు 'జి' ధాతువునకు అచ్ ప్రత్యయము చేర 'విజయ' శబ్దము సిద్ధించును. విజయమునకు నగరమని కొందరు విగ్రహము చెప్పుదురు. సత్యభామను 'సత్య' యనియు 'భామ' యనియు వ్యవహరించునట్లు, వార్తికబలముచే విజయరామరాజే 'విజయు' డైనాడనుట నాకు సమ్మతము. అట్లైన ఇది విజయుని నగరము.

ఈ కోటకు 1713లో విజయనామ సంవత్సరమున, విజయదశమినాడు, జయవారమనబడు మంగళవారమున, విజయరామరాజు పేర, విజయనగరమున పునాది పడెనని పంచవిజయములను బడులలో వల్లెవేయింతురు. నేనును చిరకాల మట్లే చెప్పితిని. ఇటీవల గణించి చూచితిని. శాలివాహనశకము 1635 విజయయే. 1953, 2013 సంవత్సరములును విజయలే గనుక అరువదేసి చొప్పున వెనుకకు లెక్కించిన నెవ్వరికైన తెలియును. చిక్కంతయు వారముతోనే. ఆ యేటి ఆశ్వయుజ శుద్ధ దశమి నేటి ఇంగ్లీషు లెక్కను సెప్టెంబరు 28, 29 తేదీలలో, అనగా గురు శుక్రవారములలో పడుచున్నది. గణితభేదముచే గడియలు మారునేకాని, మంగళవారము వరకు జరుగదు. పునాది 1712లో పడెనను వ్రాతలును గలవు. అది నందన సంవత్సర మగుటచే వత్సరవిజయమే పోవును.

మంగళవారమున వేరొక క్రియ జరిగియుండవచ్చునని సమర్థింపవచ్చును. ఐదు సంఖ్య నింపుటకే జయవారము వచ్చి చేరినదని నా తలంపు. 1713 సరియైనచో తక్కిన నాలుగింటిని పాఠమున నిశ్చయముగ చెప్పి, వారమును మాత్రము 'అందురు' అని ముగించుట యుపాధ్యాయులకు తగును.