కోట్ల లెక్క, తువ్వాలు లెక్క

కర్నూలులో ఎంబీఏ చదివిన మా బంధువుల అబ్బాయికి విప్రో అంటే వల్లమాలిన అభిమానం. తరగతిలో ఏ సంస్థను గురించి ప్రసంగించమన్నా దానినే ఎంచుకునేవాడు. అభిమానించదగిన చరిత్రే అది. 1945లో మహారాష్ట్రలోని అమల్నేర్‌లో ముహమ్మద్ హాషిమ్ ప్రేమ్‌జీ వనస్పతి నూనెల కర్మాగారంగా దానికి పునాది వేశారు. 1966లో ఆయన మరణించగా, అమెరికాలో చదువుకుంటున్న 21 ఏళ్ల కుమారుడు అజీమ్ ప్రేమ్‌జీ చదువు మధ్యలో ఆపివచ్చి పగ్గాలు చేపట్టారు. నూనెల తర్వాత సబ్బులు, విద్యుద్దీపాలు, హైడ్రాలిక్ పరికరాలు, ఆపై కంప్యూటర్లు. మన ఇళ్లలోని సంతూర్ సబ్బు కూడా ఆ గూటిదే.

2019 మార్చిలో ప్రేమ్‌జీ మరికొన్ని వాటాల ఫలాన్ని తమ ఫౌండేషన్‌కు అప్పగించారు. దానితో విప్రో వాటాల్లో 67 శాతం మీద వచ్చే ఆర్థిక ఫలం సేవాకార్యాలకు చెందింది. అప్పటి విలువ దాదాపు 1.45 లక్షల కోట్ల రూపాయలు. ఆ అంకెను పలికేటప్పుడు మా అబ్బాయి కళ్లు మెరిసేవి. ఆ మెరుపులో మాకు కనిపించింది ఆస్తి పట్ల అబ్బురమే తప్ప, ఇవ్వడం పట్ల కాదు.

2021 నవంబరు 19, శుక్రవారం తెల్లవారుజామున చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. అప్పటి కడప జిల్లా రాజంపేట మండలంలోని పులపత్తూరు, తొగురుపేట, మందపల్లి వంటి గ్రామాలు క్షణాల్లో నీటిపాలయ్యాయి. మనుషులు, పశువులు, ధాన్యం, ఇళ్లు, ఏదీ మిగలలేదు. కరువుసీమ అని పేరుపడ్డ నేల మీద వరద మరీ క్రూరంగా కనిపిస్తుంది. కర్నూలు వారికి ఇది చెప్పనక్కరలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు పాతబస్తీని ముంచినప్పుడు మేడలెక్కి చేతులూపిన వారిలో మా వాళ్లూ ఉన్నారు.

మరుసటి జుమా నాడు అతడు, మరి నలుగురు స్నేహితులు మస్జిద్ గుమ్మం వద్ద తువ్వాలు పరిచి నిలబడ్డారు. మేమూ పక్కనే ఉన్నాం. ప్రసంగాలలో తడబడని కుర్రవాడికి అక్కడ గొంతు పెగలలేదు. తన కోసం కాకపోయినా, చేయి చాచడం అంత సులభం కాదు. జనం పక్కనుంచి దాటిపోయారు. చివరికి ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి రెండు పది రూపాయల నోట్లు వేసింది. "మా ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో రొట్టెలు పంపితే తిన్నాం బాబూ" అంది. ఆ తర్వాతే తువ్వాలు మీద నోట్లు పడసాగాయి.

బట్టల వ్యాపారి ఒకాయన మాత్రం జేబులో చేయి పెట్టి ఆగిపోయాడు. "నాది జకాత్ సొమ్ము. ఇందులో వేయవచ్చా? లెక్క ఎవరు చూస్తారు?" అని అడిగాడు. అతని వద్ద జవాబు లేదు. ఇమామ్ సాహెబ్ కల్పించుకుని జకాత్‌కు అర్హులను దివ్య ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా నిర్ణయించిందనీ, దానిని వేరుగా ఉంచి అర్హులకే చేర్చాలనీ, సదఖా అయితే ఏ మతం బాధితులకైనా నిరభ్యంతరంగా ఇవ్వవచ్చనీ వివరించారు. అప్పటికప్పుడు రెండు డబ్బాలు, రెండు పద్దులు ఏర్పడ్డాయి. సంస్థల బ్యాలెన్స్ షీట్లు చదివి మురిసిపోయిన అబ్బాయి ఆ రాత్రి చిల్లర నాణేల లెక్క మూడుసార్లు సరిచూశాడు.

దుప్పట్లు, గిన్నెలు, బియ్యం వ్యానులో వేసుకుని నంద్యాల, మైదుకూరు, కడప మీదుగా వెళ్లి ఇచ్చి వచ్చారు. తిరిగి వచ్చాక అతడు ప్రేమ్‌జీ గురించి మాట్లాడే తీరు మారింది. ఎన్ని కోట్లు అనే మాట తగ్గి, ఆ సొమ్మును ఎలా కట్టుదిట్టం చేశారు అనే ప్రశ్న మొదలైంది. మా దృష్టిలో అసలు ప్రశ్న అదే. ఖైబర్‌లో తమకు లభించిన విలువైన భూమిని ఏం చేయాలని హజ్రత్ ఉమర్ (రజి) అడిగినప్పుడు, మూలాన్ని నిలిపి ఉంచి ఫలాన్ని దానం చేయమని దైవప్రవక్త (స) సూచించారు. ఆ భూమిని అమ్మరాదు, కానుకగా ఇవ్వరాదు, వారసత్వంగా పంచరాదు. ప్రేమ్‌జీ ఏర్పాటు షరీఅత్ పరిభాషలో వక్ఫ్ కాదు. ఆ ఫౌండేషన్ మతసంస్థా కాదు, అది ప్రధానంగా ప్రభుత్వ పాఠశాలల కోసం పనిచేస్తుంది. అయినా చెట్టును నరకకుండా కాయను పంచే ఆ పద్ధతి మనకు కొత్తది కాదు.

అంత దూరం పోనక్కరలేదు కూడా. ప్రేమ్‌జీ అప్పటికి రెండేళ్ల పసివాడు. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ కర్నూలులో ఉస్మానియా కళాశాలను నెలకొల్పారు. ఈనాటికీ అందులో పిల్లలు చదువుతూనే ఉన్నారు. 2016లో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. బెంగళూరు, బొంబాయి సంస్థల చరిత్ర కంఠతా పట్టే మన వాణిజ్య విద్యార్థుల్లో ఈ చరిత్ర తెలిసినవారు ఎందరో!

వసూలైన సదఖాలో కొంత సొమ్ము మిగిలింది. దానితో మస్జిద్‌కు ఫ్యాన్లు కొందామని కొందరు పెద్దలు అన్నారు. అబ్బాయి ఒప్పుకోలేదు. "వరద బాధితుల కోసమని అడిగి తీసుకున్నాం చాచా, దీనిని మరొకదానికి మళ్లించే హక్కు మనకెక్కడిది?" అన్నాడు. వాదన ఇషా నమాజు దాకా సాగింది. తర్వాతి జుమా నాటికి మస్జిద్ గోడ మీద జమాఖర్చుల కాగితం అంటించారు. చివరి వరుసలో మిగులు మొత్తం, దాని ఎదురుగా ‘రాజంపేట బడిపిల్లల పుస్తకాలకు’ అని ఉంది. బట్టల వ్యాపారి కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని పైనుంచి కిందికి చదివి, సదఖా డబ్బా ఎక్కడుందని అడిగాడు.