ఆడపిల్ల వాటా: షరీఅత్, చట్టం, ఆచారం

మనిషి క్షేమానికి మతం ముఖ్యమా, చట్టం ముఖ్యమా అన్న ప్రశ్న తరచు వినబడుతూ ఉంటుంది. మతం మనస్సును సంస్కరిస్తుందని ఒకరు, చట్టం చేయి పట్టి ఆపుతుందని మరొకరు వాదిస్తారు. ఆఫ్రికా దేశాలను గురించి ఈ చర్చ విస్తృతంగా సాగింది. అక్కడి అనేక సమాజాలలో షరీఅత్, వలస పాలకులు విడిచిపోయిన చట్టం, తెగల ఆచారం అనే మూడు శక్తులు ఒకే కుటుంబంపై ఒకేసారి పనిచేస్తుంటాయి. అయితే ఈ సంగతి గ్రహించడానికి అంత దూరం పోనక్కరలేదు. గోదావరి డెల్టాలో ఒక ముస్లిం రైతు మరణించినప్పుడు అతని పొలంలో ఎవరికి ఎంత చెందుతుంది, నిజానికి ఎవరి చేతికి ఎంత చేరుతుంది అని పరిశీలిస్తే చాలు. చెందేదానికీ చేరేదానికీ మధ్యనున్న దూరమే ఈ వ్యాసంలోని విషయం.

ధర్మశాస్త్రం చెప్పిన లెక్క

దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా 7వ ఆయత్ తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు విడిచిన ఆస్తిలో పురుషులకు వలెనే స్త్రీలకు కూడా భాగమున్నదనీ, ఆ ఆస్తి కొద్దిదైనా గొప్పదైనా ఆ భాగం నిర్ణయమై ఉన్నదనీ తెలుపుతున్నది. 11, 12 ఆయతులు భాగాల లెక్కను వివరిస్తున్నాయి. సంతానమున్నప్పుడు భార్యకు ఎనిమిదవ వంతు. కుమారులతో కలిసి వారసురాలైనప్పుడు కుమార్తెకు కుమారుని భాగంలో సగం.

ఒక ఉదాహరణ చూద్దాం. తల్లిదండ్రులు గతించిన ఒక రైతు భార్యను, ఇద్దరు కొడుకులను, ఒక కూతురిని విడిచి చనిపోయాడు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, భార్యకు చెల్లించని మహర్, మూడవ వంతుకు మించని వీలునామా ఏదైనా ఉంటే అది, ఇవన్నీ పోగా 8 ఎకరాలు మిగిలిందనుకుందాం. భార్యకు 1 ఎకరం. మిగిలిన 7 ఎకరాలలో ఒక్కొక్క కొడుకుకు 2 ఎకరాల 80 సెంట్లు, కూతురికి 1 ఎకరం 40 సెంట్లు. కుటుంబ పోషణ, మహర్ భారం పురుషునిపై ఉండటమే ఈ తేడాకు కారణమని ధర్మశాస్త్రజ్ఞులు వివరిస్తారు. ఈ సగం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. ఆ సగమైనా ఆమెకు అందుతున్నదా అన్నదే మన ప్రశ్న.

ఇక్కడ మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ముస్లిం ధర్మశాస్త్రంలో ఉమ్మడి కుటుంబ ఆస్తి అన్న భావన లేదు. తండ్రి కన్ను మూసిన క్షణమే ఎవరి భాగం వారిదవుతుంది. పంపకాలు తరువాత జరిగినా, అసలు జరగకపోయినా ఆ 1 ఎకరం 40 సెంట్లు కూతురివే. అన్నదమ్ములు ఆమెకు దయతో ఇచ్చేది ఏమీ లేదు. ఆమెదానిని ఆమెకు అప్పగించడమే వారి పని.

చట్టం నడిచిన దారి

ఆంగ్లేయుల కాలంలో వారసత్వ వ్యాజ్యాలలో ముస్లింలకు వారి ధర్మశాస్త్రాన్నే అన్వయించాలని నియమం ఉన్నప్పటికీ, దానికి విరుద్ధమైన ఆచారం రుజువైతే కోర్టులు ఆచారాన్నే ఆమోదించేవి. పంజాబ్ వంటి చోట్ల కూతుళ్లకు వాటా లేదన్న ఆచారం ఈ విధంగానే న్యాయస్థానాలలో నిలబడింది. దీనిని తొలగించాలని ఉలమా, మహిళా సంఘాలు కోరగా 1937లో షరీఅత్ అన్వయ చట్టం వచ్చింది. పిఠాపురానికి చెందిన ప్రసిద్ధ తెలుగు కవి ఉమర్ అలీషా ఆనాటి కేంద్ర శాసనసభలో సభ్యులు.

ఆచారం ఏదైనప్పటికీ వారసత్వం, వివాహం, మహర్, విడాకుల వంటి విషయాలలో షరీఅత్తే వర్తిస్తుందని ఆ చట్టం ప్రకటించింది. కాని అందులో ఒక మినహాయింపు మిగిలిపోయింది. వ్యవసాయ భూమికి సంబంధించిన విషయాలు దాని పరిధిలోకి రాలేదు. 1935 రాజ్యాంగ చట్టం ప్రకారం వ్యవసాయ భూమి రాష్ట్రాల అధికారంలో ఉండటం ఇందుకు ఒక కారణం. ఫలితమేమంటే, నగలలోనూ ఇంటిలోనూ కూతురికి వాటా ఖాయమైంది గాని, పల్లె కుటుంబానికి అసలు ఆస్తి అయిన పొలం విషయంలో ఆచారానికి తలుపు తెరిచే ఉంది.

ఆ తలుపును మద్రాసు రాష్ట్రం మూసింది. 1949లో మద్రాసు శాసనసభ చేసిన సవరణ వ్యవసాయ భూమి మినహాయింపును తొలగించింది. కాకినాడతో సహా కోస్తా ఆంధ్ర అంతా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగమే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా ఆ సవరణ ఇక్కడ కొనసాగింది. దీని విలువ తెలియాలంటే ఉత్తరప్రదేశ్ వైపు చూడాలి. అక్కడ 1950 నాటి జమీందారీ రద్దు చట్టం కింద దశాబ్దాలపాటు, కొడుకు ఉండగా కూతురికి సాగుభూమిలో వారసత్వం లేకపోయింది. అక్కడి ముస్లిం కుమార్తెకు గ్రంథంలో ఉన్న హక్కు చట్టంలో లేదు. గోదావరి తీరంలోని కుమార్తెకు రెండింటిలోనూ ఉన్నది. తెలుగు నేలపై హిందూ కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు కల్పించిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చిందని గుర్తుచేసుకుంటే, 1949 నాటి ఈ సవరణ ఎంత ముందుగా వచ్చిందో తెలుస్తుంది.

ఆచారం వేసే అడ్డు

శాస్త్రమూ చట్టమూ ఒక్కటైన తరువాత సమస్య తీరిపోవాలి. తీరలేదు. ఆచారం కోర్టులో ఓడిపోయింది గాని ఇంటిలో ఓడిపోలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి డెల్టాలో మాగాణి భూమే తిండిగింజలకు, అప్పు పుట్టడానికి, పరువుకు ఆధారం. అది మరొక ఇంటికి పోకూడదన్న పట్టుదల ఏ ఒక్క మతానికో పరిమితమైనది కాదు. హిందూ కుటుంబాలలో పసుపు కుంకుమల కింద కొంత ఇచ్చాము కదా అంటారు. ముస్లిం కుటుంబాలలో పెళ్లికి అంత ఖర్చు చేశాము కదా అంటారు. మాట వేరైనా ఫలితం ఒక్కటే.

వాటా జారిపోయే దారులు ముఖ్యంగా మూడు.

మొదటిది, తండ్రి జీవించి ఉండగానే కూతురి చేత వాటా వద్దని రాయించుకోవడం. ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం తండ్రి బతికి ఉండగా ఎవరికీ వారసత్వ హక్కు పుట్టదు. పుట్టని హక్కును వదులుకోవడం సాధ్యం కాదు గనుక ఆ కాగితానికి అంతటితో బలం లేదు. అయితే ఆమె ప్రతిఫలం పుచ్చుకొని, దానిని నమ్మి ఇతరులు వ్యవహరించి ఉంటే, తరువాత వాటా అడిగే అవకాశం పోవచ్చునని గులాం అబ్బాస్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండవది, తండ్రి పోయిన తరువాత హక్కు విడుదల దస్తావేజుపై సంతకం. ఇది ఇష్టపూర్వకమైతే చెల్లుతుంది. కాని పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో పెట్టిన సంతకాన్ని ఇష్టమని ఎలా అనగలం?

మూడవది, తండ్రి తన జీవితకాలంలోనే ఆస్తిని ఒక కొడుకుకు హిబా, అంటే దానం చేయడం. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన హఫీజా బీబీ వ్యాజ్యంలో 2011లో సుప్రీంకోర్టు ఇటువంటి దానాన్ని సమర్థించింది. దాత ప్రకటన, గ్రహీత అంగీకారం, స్వాధీనం అనే మూడూ ఉంటే దానపత్రం రిజిస్టరు కాకపోయినా చెల్లుతుందని తీర్పు. తీర్పు చట్టానికి అనుగుణమైనదే. కాని ధర్మం ఇంకొక మెట్టు పైకి పోతుంది. నూమాన్ బిన్ బషీర్ తండ్రి తన పిల్లలలో ఒకరికే దానమిచ్చి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరినప్పుడు, పిల్లలందరికీ అలాగే ఇచ్చావా అని ఆయన ప్రశ్నించి, సాక్ష్యానికి నిరాకరించారని బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు తెలుపుతున్నాయి. చట్టం అడ్డగించలేని చోట అంతరాత్మను అడ్డగించే పని మతానిదని ఇందువల్ల తెలుస్తున్నది.

మహర్, కట్నం

ఇదే తికమక వివాహంలోనూ కనిపిస్తుంది. మహర్ వరుడు వధువుకు ఇవ్వవలసినది. అది ఆమె సొంత ఆస్తి. అన్నిసా సూరా 4వ ఆయత్ దానిని మనస్ఫూర్తిగా ఇవ్వమంటున్నది. కట్నం వధువు వైపు నుంచి వరుని వైపుకు పోయేది. 1961 వరకట్న నిషేధ చట్టం కట్నాన్ని నిర్వచిస్తూ, ముస్లిం వైయక్తిక చట్టం వర్తించేవారి విషయంలో మహర్‌ను అందులో నుంచి స్పష్టంగా మినహాయించింది. అంటే శాస్త్రం ఇమ్మన్నదానిని చట్టం కాపాడింది. శాస్త్రంలో లేనిదానిని చట్టం నిషేధించింది. ఇంతకంటె చక్కని పొత్తు ఉండదు. అయినప్పటికీ నామమాత్రపు మహర్ రాసి, దానికి ఎన్నో రెట్లు కట్నం పుచ్చుకొనే వివాహాలు జరుగుతూనే ఉన్నాయి. ఆ కట్నాన్నే తరువాత వాటాకు బదులుగా లెక్కవేస్తారు. పుచ్చుకొన్నవాడు భర్త, పోగొట్టుకొన్నది భార్య.

ఆస్తి లేకపోతే ఏమవుతుంది?

ఇదంతా లెక్కల గొడవ అని తీసివేయరాదు. 2001లో కేరళలోని తిరువనంతపురం జిల్లాలో వివాహిత స్త్రీలపై ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ జరిపిన అధ్యయనం ఈ సందర్భంలో గమనార్హం. ఇల్లు గాని భూమి గాని లేని స్త్రీలలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నట్లు చెప్పారు. రెండూ తమ పేర ఉన్నవారిలో ఆ సంఖ్య 7 శాతం. వెళ్లడానికి చోటున్న మనిషిని కొట్టడానికి చేయి వెనుకాడుతుంది. విధవరాలికి, భర్త విడిచిన స్త్రీకి, చదువుకొనే పిల్లల తల్లికి ఆ ఎకరం 40 సెంట్లు తలదాచుకొనే చోటు.

నైలు తీరం నుంచి ఒక పాఠం

గోదావరి డెల్టాను పోలిన మరొక డెల్టా నైలు నదిది. ఈజిప్టులో వారసత్వ చట్టం షరీఅత్‌ను అనుసరించే రూపొందింది. అయినా పల్లెలలో, ముఖ్యంగా ఎగువ ఈజిప్టులో, కూతుళ్లకు భూమికి బదులు కొంత సొమ్ము ఇచ్చి సరిపెట్టే ఆచారం బలంగా ఉన్నది. దీనిని ఎదుర్కోవడానికి 2017లో ఆ దేశం 1943 నాటి వారసత్వ చట్టాన్ని సవరించింది. వారసుని న్యాయమైన వాటాను ఉద్దేశపూర్వకంగా ఆపినవారికి కనీసం 6 నెలల జైలు, 20,000 నుంచి 1,00,000 పౌండ్ల జరిమానా, లేదా ఈ రెండింటిలో ఒకటి విధించవచ్చును. కెన్యాలో మరొక మార్గం అనుసరించారు. అక్కడి 2010 రాజ్యాంగం కాజీ కోర్టులను గుర్తించి, కక్షిదారులందరూ ముస్లింలై ఆ కోర్టు పరిధిని అంగీకరించినప్పుడు వివాహ, వారసత్వ వివాదాలు విచారించే అధికారం ఇచ్చింది.

మన దేశంలో 1880 కాజీల చట్టం కాజీకి న్యాయాధికారం ఇవ్వలేదు. నికాహ్ చదివించేది కాజీ, వాటా తేల్చేది సివిల్ కోర్టు. కనుక ఇక్కడ ధర్మాన్ని బోధించేవారు, చట్టాన్ని అమలుపరిచేవారు వేర్వేరు గదులలో కూర్చుని ఉన్నారు. ఆడపిల్ల ఒంటరిగా ఈ రెండు గదుల మధ్య తిరగవలసి వస్తున్నది.

చేయవలసినది

ఈ దూరాన్ని తగ్గించే పనులు కొన్ని మన చేతులలోనే ఉన్నాయి. నికాహ్‌నామాలో మహర్ ఎంత, అందులో వెంటనే ఇచ్చేది ఎంత, తరువాత ఇచ్చేది ఎంత అన్నది స్పష్టంగా రాయించి ఒక ప్రతి వధువుకు ఇవ్వాలి. భర్త మరణిస్తే చెల్లని మహర్‌కు దావా వేయడానికి మూడేళ్లే గడువు. తండ్రి మరణించినప్పుడు తహసీల్దారు వద్ద కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో కుమార్తెల పేర్లు తప్పక చేర్పించాలి. రెవిన్యూ రికార్డులలో పట్టా మార్పు జరిగేటప్పుడు ఆమె పేరు, ఆమె విస్తీర్ణం నమోదు కావాలి. అన్న సాగు చేస్తున్నంత మాత్రాన చెల్లెలి హక్కు పోదు. కాని అతడు ఆమె హక్కును బాహాటంగా కాదన్న తరువాత 12 ఏళ్లు ఊరకుంటే పోయే ప్రమాదం ఉన్నది. ఆమె నిజంగా తన వాటాను సోదరునికి ఇవ్వదలచుకుంటే ముందు దానిని ఆమె పేరనే పెట్టి, కొంతకాలం గడచిన తరువాత ఇవ్వనివ్వాలి. చేతికి రానిదాన్ని ఇవ్వడం దానమెలా అవుతుంది?

జుమా ప్రసంగాలలో నమాజు, ఉపవాసం, జకాతు గురించి వింటున్నాము. ఆ వరుసలోనే అన్నిసా సూరాలోని ఈ లెక్కను కూడా, ఎకరాలలోనూ సెంట్లలోనూ, సంవత్సరానికి ఒకసారైనా వినిపించాలి. భాగాల వివరణ ముగిసిన వెంటనే, 13, 14 ఆయతులు వీటిని దైవం నిర్ణయించిన హద్దులని పేర్కొని, మీరినవారిని తీవ్రంగా హెచ్చరిస్తున్నాయి. పొలం గట్టు జరిపినవానిని ఊరంతా తప్పుపడుతుంది. చెల్లెలి గట్టును చెరిపివేసినవానిని కూడా అదే విధంగా తప్పుపట్టిన నాడు 1949 నాటి చట్టం పల్లెలో సంపూర్ణంగా అమలులోకి వచ్చినట్లు.